టికెట్టు కొన్న దొరలు

ఫ్రాన్సులో పాత కోటలకి కొదవ లేదు. లువార్ నది వెంట నాలుగు ఊళ్ళు తిరిగేసరికి కోటలంటే మొహం మొత్తిపోతుంది. మేం కొత్త కోట చూడ్డానికి బయల్దేరాం. కొత్తదంటే మరీ కొత్తది. దానికి పునాది పడింది 1997లో. ఇంకా కడుతూనే ఉన్నారు. సిమెంటు లేదు, కరెంటు లేదు, డీజిలు ఇంజను లేదు. పదమూడో శతాబ్దపు మేస్త్రీ చేతిలో ఏ పనిముట్టు ఉండేదో అదే పట్టుకుని, బర్గండీ అడవిలో గెడెలోన్ అనే చోట ఒక కోటని నేల మట్టం నుంచి లేపుతున్నారు.

పారిస్ నుంచి దక్షిణంగా రెండు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. పక్కన రైలు స్టేషను లేదు కాబట్టి మేనల్లుడి కారే దిక్కు. వాడు సివిల్ ఇంజనీరు, పారిస్ శివార్లలో వంతెన పనిలో ఉన్నాడు. “కట్టుబడి పని చూడ్డానికి నా చేత సెలవు పెట్టించావు మావయ్యా, నేను రోజూ చూసేది అదేగా” అని దారి పొడుగునా సణిగాడు. హైవే దిగాక పుయిజే ప్రాంతం మొదలవుతుంది. చెరువులు, ఓక్ అడవులు, ఆవులు మేసే పచ్చిక బయళ్ళు, కుండల పనికి పేరుపడ్డ పల్లెలు. రచయిత్రి కొలెట్ 1873లో పుట్టిన ఊరు ఈ పక్కనే. అక్కడ కాసేపు ఆగుదామంటే వాడు ఒప్పుకోలేదు, ఆలస్యమైతే కారు పెట్టుకోడానికి చోటు దొరకదన్నాడు. ఆ మాట నిజమే. పొద్దున్నే వెళ్ళినా బడిపిల్లల బస్సులు మాకంటే ముందే వచ్చి ఉన్నాయి.

ఈ పిచ్చి ఆలోచన మిషెల్ గుయోది. ఆయన 1979లో ఇక్కడికి దగ్గర్లోనే, సాన్‌ఫార్జో అనే ఊళ్ళో, పాడుబడుతున్న ఒక పెద్ద కోటని కొని బాగుచేయించడం మొదలెట్టాడు. 1995లో నిపుణులు ఆ కోటని పరిశీలించి, పైకి కనిపించే ఇటుక గోడల లోపల ఇంకా పాతదైన మధ్యయుగపు కోట దాగి ఉందని తేల్చారు. వాళ్ళ నివేదిక చివర, ఆ పాత కోటని మళ్ళీ కట్టి చూస్తే ఎంత బావుంటుందో అన్న ధోరణిలో ఒక మాట ఉంది. ఇంకొకరైతే చదివి నవ్వుకుని ఫైలు మూసేసేవారు. గుయో మనుషుల్ని కూడగట్టాడు. వాళ్ళలో మారిలీన్ మార్టిన్ ఈ పనిని భుజాన వేసుకుంది. ఇప్పటికీ నడిపిస్తున్నది ఆవిడే. స్థలం ఎంచుకోవడంలోనే మధ్యయుగపు బుద్ధి కనిపిస్తుంది. పాత రాతి గని, చుట్టూ ఓక్ చెట్లు, పక్కనే నీళ్ళు, కాళ్ళ కింద బంకమట్టీ ఇసుకా. ఆ కాలంలో రాయిని కొట్టడం కంటే మోయించడానికే ఎక్కువ ఖర్చు. గని ఉన్న చోటికే కోట వెళ్ళాలి గాని కోట దగ్గరికి గని రాదు.

కోటకి ఒక దొర కూడా ఉన్నాడు. పేరు గిల్బేర్. చరిత్రలో అలాంటివాడు లేడు, వీళ్ళు పుట్టించారు. 1228లో కట్టడం మొదలెట్టాడని అనుకోవాలి. ఈ కల్పన సరదాకి కాదు. గిల్బేర్ పెద్ద దొరేమీ కాదు, ఓ మాదిరి సామంతుడు. అంచేత ఎవరైనా ఉత్సాహపడి గోపురం మీద గోపురం గీస్తే, “గిల్బేర్ దగ్గర అంత డబ్బెక్కడిది?” అని అడ్డుకోవచ్చు. నక్షా గీసిన జాక్ మూలాన్ ప్రభుత్వ చారిత్రక కట్టడాల ముఖ్య ఆర్కిటెక్టుగా పనిచేసినవాడు. ఆయన ఫ్రాన్సు రాజు ఫిలిప్ ఓగుస్త్ కాలంలో స్థిరపడ్డ పద్ధతినే పట్టుకున్నాడు. చుట్టూ కోటగోడలు, మూలల్లో గుండ్రటి బురుజులు, వాటిలో ఒకటి మిగతావాటికంటే ఎత్తుగా బలంగా, సింహద్వారానికి అటొకటి ఇటొకటి జంట బురుజులు, నీళ్ళు లేని పొడి కందకం. బాణాలు వేసే సందులు ఒక అంతస్తులో ఉన్నచోటికి సరిగ్గా పైన రాకుండా పక్కకి జరిపి పెట్టారు. ఒకదాని మీద ఒకటి వస్తే గోడ నిలువునా బలహీనపడుతుంది, పైగా బాణం చేరని మూలలు మిగిలిపోతాయి. ఎక్కడ అనుమానం వచ్చినా నిజమైన కోటల దగ్గరికి పరిగెత్తి కొలుచుకొస్తారు. అలాంటివాటిలో ఒకటి, రాతియీ, గెడెలోన్ ఉన్న త్రేన్యీ గ్రామంలోనే ఉంది.

1228 అంటే ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులు. రామప్ప గుడి శాసనం వేసి అప్పటికి పదిహేనేళ్ళు. ఆ లెక్క బుర్రలో పడ్డాక ఇక్కడి ప్రతి రాయీ నాకు ఓరుగల్లు కోటగోడ పక్కన నిలబడినట్టే కనిపించింది. అక్కడ నల్లరాతి దిమ్మెల్ని సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చారు. ఇక్కడ మాత్రం అంతా సున్నం మీదే నడుస్తుంది.

ముందు గనికి వెళ్ళాం. ఇక్కడి రాయి ఇనుము కలిసిన ఇసుకరాయి. లేత గోధుమరంగు నుంచి ముదురు తుప్పురంగు దాకా ఉంటుంది. ఇనుము ఎక్కువైన కొద్దీ రంగు ముదురుతుంది, గట్టితనమూ పెరుగుతుంది. గనిలో పనిచేసే అమ్మాయి ఒక బండ మీద వరసగా చిన్న చిన్న గుంటలు తొలిచి, వాటిలో ఇనప మేకులు నిలబెట్టింది. సమ్మెట ఎత్తి మొదటి మేకు మీద ఒక దెబ్బ, రెండో దాని మీద ఒక దెబ్బ, అలా చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చింది. గట్టిగా కొట్టడం లేదు. దెబ్బ దెబ్బకీ మధ్య ఆగుతోంది. మొదట్లో ఖంగుమని మోగిన మేకులు రానురాను గొంతు మార్చాయి. ఆ మార్పు కోసమే ఆగుతోందని అప్పటికి అర్థమైంది. లోపల చీలిక ఎంతదాకా నడిచిందో చెవికి తప్ప కంటికి తెలియదు. ఒక దెబ్బ తర్వాత ఆవిడ సమ్మెట దించి పక్కకి జరిగింది. మేం చూస్తుండగానే బండ మీద వెంట్రుకంత గీత ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

“ఇది మన వడ్డెర్ల పనే కదా మావయ్యా” అన్నాడు మేనల్లుడు. అవును. మా ఊరి గుట్ట దగ్గర నల్లరాయిని ఇలాగే చీల్చేవాళ్ళు. తేడా ఏమిటంటే వాళ్ళ చుట్టూ ఎవరూ నిలబడి చూసేవాళ్ళు కారు.

చీల్చిన రాళ్ళు గుర్రబ్బండిలో రాతిపనివాళ్ళ కొట్టంలోకి వెళ్తాయి. అక్కడ ఉలి చప్పుళ్ళు. ఈ ఇనపరాయి ఉలిని నమిలేస్తుంది. పూట గడిచేసరికి మొన మొద్దుబారుతుంది, మొద్దు ఉలులన్నీ కొలిమికి చేరతాయి. కమ్మరి వాటిని కాల్చి, సాగదీసి, మొన తీసి, నీళ్ళలో ముంచి పదును పెట్టి వెనక్కి పంపుతాడు. కొత్త వస్తువులు చెయ్యడం కంటే ఇదే అతనికి ఎక్కువ పని. కమ్మరి ఒక రోజు రాకపోతే రాతిపని ఆగుతుంది, రాతిపని ఆగితే గోడ ఆగుతుంది. కమ్మరికి బొగ్గు కావాలి, బొగ్గుకి అడవి కావాలి. పుస్తకాల్లో కోటలంటే రాజులూ ముట్టడులూ చదువుతాం. ఇక్కడ ఒక గంట తిరిగితే కోటంటే ఒకరి చేతి కోసం ఇంకొకరు ఎదురుచూడటం అని తెలుస్తుంది. తాడు పేనేవాడు, బుట్టలల్లేవాడు, పెంకులు చేసేవాడు, అందరూ ఆ వరసలోనివాళ్ళే. పెంకులకి మట్టి ఇక్కడిదే. చెక్క చట్రంలో అచ్చు తీసి, ఆరబెట్టి, కట్టెల బట్టీలో కాలుస్తారు. ఒక బట్టీ చెడితే వారాల పని మట్టిపాలు.

మట్టం చూడ్డానికి గుండూ దారమూ. లంబకోణానికి మూలమట్టం ఉన్నా, నేల మీద పెద్ద కొలత వెయ్యాలంటే పదమూడు ముడుల తాడు తెస్తారు. ముడికీ ముడికీ మధ్య ఖాళీలు పన్నెండు, అన్నీ సమానం. మూడు ఖాళీలు ఒక వైపు, నాలుగు ఒక వైపు, అయిదు ఒక వైపు లాగి పట్టుకుంటే మూల నిక్కచ్చిగా వస్తుంది. మేస్త్రీకి లెక్కలు వచ్చి ఉండక్కర్లేదు, తాడుకి వస్తే చాలు. నడవల కమాను రాళ్ళకి నేల మీద అసలు సైజులో బొమ్మ గీసి, దాన్నిబట్టి చెక్కతో అచ్చులు కోసి ఇస్తారు. అలాంటి సన్నపనికి ఈ ఇనపరాయి లొంగదు కనక బయటి నుంచి సున్నపురాయి తెప్పిస్తారు.

గోడ మీదికి వెళ్ళాక మేనల్లుడి సణుగుడు ఆగింది. బయటి ముఖానికీ లోపలి ముఖానికీ చెక్కిన రాళ్ళు పేర్చి, మధ్య ఖాళీని పిచ్చిరాళ్ళతో, సున్నం కలిపిన ఇసుకతో నింపుతున్నారు. వాడు వేలితో ఆ అడుసుని నొక్కి చూశాడు. “కాంక్రీటుకైతే ఇరవై ఎనిమిది రోజుల లెక్క. దీనికి లెక్కెక్కడిది?” అన్నాడు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ మెల్లగా రాయవుతుంది. ఇంత మందమైన గోడ కడుపులోకి గాలి చేరాలంటే ఏళ్ళు పడుతుంది. తొందరపడి ఒకేసారి ఎత్తు లేపితే కింది వరసల్లో పచ్చి సున్నం నలిగిపోతుంది. చలికాలంలో మంచు పడితే అందులోని తడి గడ్డకట్టి గోడని పగలగొడుతుంది. అందుకే నవంబరు రాగానే గోడల తలలు కప్పెట్టి, వసంతం దాకా తాపీలు పక్కన పెడతారు. గోడలో అక్కడక్కడా చదరపు కన్నాలు కనిపించాయి. పరంజా వాసాలు దూర్చినవి. గోడ పెరిగిన కొద్దీ వాసాల్ని పైకి మార్చి, కన్నాల్ని అలాగే వదిలేస్తారు. పాత కోటల గోడల మీద వరసగా కనిపించే కన్నాలు బాణాలకో పావురాలకో అనుకునేవాళ్ళు చాలామంది.

బురుజు పైకి రాళ్ళు ఎక్కించేది చక్రం. మనిషి నిలబడి నడవగలిగినంత చెక్క చక్రాలు రెండు, ఒకే ఇరుసుకి. లోపల ఒక్కో మనిషి నడుస్తుంటే ఇరుసుకి తాడు చుట్టుకుంటూ వస్తుంది. ఇలా అరటన్ను బరువు పైకి లేస్తుంది. దీన్ని వాళ్ళు ఉడతల పంజరం అంటారు. మేం చూసినప్పుడు లోపల ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ నడుస్తున్నారు. మెట్లెక్కేవాళ్ళ నడకే గాని మెట్టు మాత్రం కాళ్ళ కిందే ఉండిపోతుంది. పైనున్న మేస్త్రీ కేక వేశాడు. ఇద్దరూ ఒకే అడుగులో ఆగిపోయారు. తాడుకి వేలాడే రాళ్ళు గాలిలో కొంచెం ఊగాయి. ఇంకో కేక. ఇప్పుడు వెనక్కి, చాలా నెమ్మదిగా, ఒక్కో పలకా కాలితో వెతుక్కుంటూ నడిచారు. ఎక్కించడం కంటే దించడమే ప్రమాదం. చెయ్యి జారిన బరువు చక్రాన్ని గిర్రున తిప్పేస్తే లోపలున్నవాళ్ళ ఎముకలు మిగలవు. మధ్యయుగంలో అలా పోయినవాళ్ళు ఉన్నారు. ఇక్కడి చక్రానికి మాత్రం బ్రేకు బిగించారు.

నా మటుకు నాకు ఆ బ్రేకు నచ్చింది. పనివాళ్ళ తలల మీద హెల్మెట్లు, రాయి కొట్టేటప్పుడు కళ్ళకి అద్దాలు, నార బట్టల కింద ఇనప ముట్టె బూట్లు. గిల్బేర్ కాలాన్ని ఇవి పాడుచేస్తున్నాయని పెదవి విరిచేవాళ్ళు మా వెనకే నడిచారు. ప్రాణం తీసే చక్రాన్ని యథాతథంగా చూపించమనడం వేడుక కోరడం తప్ప చరిత్ర కోరడం కాదు. అంతకంటే పెద్ద తేడాలు ఇక్కడ వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ పెదవి విరవడం లేదు. ఇక్కడి పనివాళ్ళకి నెల జీతం, సెలవులు. ఆ కాలంలో చేతిపని వచ్చినవాళ్ళకి కూలి దక్కేది గాని, బండ్లు తోలి మట్టి మోసిన రైతులది చాలాచోట్ల వెట్టే. ఈ కోటకి శత్రువు లేడు. పన్ను కట్టలేక పారిపోయినవాడు లేడు. ఆకలి లేదు. గెడెలోన్ చూసి పనితనం నేర్చుకోవచ్చు, కాలాన్ని మాత్రం ఇక్కడ నేర్చుకోలేం.

కాలం మాటకొస్తే, ఇక్కడికి వచ్చినవాళ్ళందరూ ఒకే భ్రమతో తిరిగి వెళ్తారని నా అనుమానం. మధ్యయుగపు మనుషులకి ఎంత ఓపికో, తరాల తరబడి ఒక కోట కట్టుకునేవాళ్ళు అని. గుళ్ళ విషయంలో అది కొంత నిజం. కోటల విషయంలో కాదు. సింహహృదయుడని పేరున్న ఇంగ్లండు రాజు రిచర్డు సెన్ నది ఒడ్డున కొండ మీద షాతో గయార్ కట్టించాడు. 1196లో మొదలెట్టి 1198కల్లా చాలామటుకు ముగించేశాడు. ఇవే ఉలులు, ఇదే సున్నం, ఇవే గుర్రబ్బండ్లు. శత్రువు వచ్చేలోపు గోడ లేవాలి కనక ఖజానా గుమ్మరించి మనుషుల్ని దింపాడు. నిజంగా గిల్బేర్ అనేవాడుంటే నలభైకి అటూఇటూ పనివాళ్ళతో పాతికేళ్ళు దాటించేవాడు కాదు, ఈ మేస్త్రీల్ని ఎప్పుడో తరిమేసేవాడు.

మరి ఈ నిదానం ఎవరిది? మనదే. ఏటా మూడు లక్షల మందికి పైగా టికెట్టు కొని వస్తున్నారు. మొదట్లో సర్కారు సాయం అందినా, ఇప్పుడు రాళ్ళకీ జీతాలకీ గుర్రాల మేతకీ ఆ టికెట్ల డబ్బే. పనివాళ్ళు రాయి చెక్కడానికి ఎంత జీతం తీసుకుంటారో, చెక్కుతూ ఆగి జవాబు చెప్పడానికీ అంతే తీసుకుంటారు. ఒక రాతిపని ఆయన దగ్గర కాసేపు నిలబడి చూశాను. నాలుగు దెబ్బలు వేస్తాడు, ఒక పిల్లాడు ఏదో అడుగుతాడు, ఉలి కింద పెట్టి చెబుతాడు. మళ్ళీ నాలుగు దెబ్బలు. విసుగు లేదు. అక్కడే తెలిసింది, ఈ కోటకి దొర గిల్బేర్ కాదు, వరసలో నిలబడ్డ మేమే. పాత దొరకి కోట పూర్తవ్వాలి. ఈ కొత్త దొరలకి కోట పూర్తవకూడదు. కడుతుంటే చూడాలని ఉంటుంది గాని, కట్టేసిన కోట కోసం ఇంత దూరం ఎవరొస్తారు? కట్టేసినవి లువార్ పొడుగునా ఉన్నాయి.

ఇదే మేనల్లుడితో అంటే పగలబడి నవ్వాడు. “మా కంపెనీలో ఆలస్యానికి జరిమానా వేస్తారు మావయ్యా. వీళ్ళకి టైముకి పూర్తిచేస్తే జరిమానా” అన్నాడు.

దొరలు మొహం చాటేస్తే ఏమవుతుందో కూడా గుయో చూశాడు. ఇదే ఆలోచనని 2010లో అమెరికాకి, ఆర్కాన్సా రాష్ట్రానికి తీసుకెళ్ళారు. అక్కడ ఇరవై ఏళ్ళలో కోట కట్టాలని పథకం. జనం చాలినంత రాలేదు, 2012లోనే మూతపడింది. గోడలు అరకొరగా అలాగే ఆగిపోయాయి. రాయీ సున్నమూ అక్కడా ఉన్నాయి గాని, కోటంటే ఏమిటో పుట్టుకతో తెలిసిన జనం లేరు. జర్మనీలో 2013 నుంచి క్యాంపస్ గల్లీ అనే చోట ఇలాగే ఒక మఠాన్ని కడుతున్నారు. తొమ్మిదో శతాబ్దపు నక్షా ఒకటి ఆధారం. దాని సంగతి ఇంకోసారి, వెళ్ళి చూశాక.

మధ్యాహ్నం భోజనం గెడెలోన్‌లోనే చేశాం. తోటలో ఆ కాలపు కూరలూ ఆకులే. టమాటా, బంగాళాదుంప, మిరపకాయ కనిపించవు. అవన్నీ కొలంబస్ తర్వాతి సంగతులు. మిరపకాయ లేదని మేనల్లుడు తెగ బాధపడ్డాడు గాని, గణపతిదేవుడి వంటింట్లోనూ అది లేదు. అడవి లోపల నీటి మర ఒకటి ఉంది. జురా ప్రాంతంలో తవ్వకాల్లో బయటపడ్డ మధ్యయుగపు మర అవశేషాల్ని చూసి, పురావస్తు శాస్త్రవేత్తలతో కలిసి 2014లో కట్టారు. మర తిరిగితే పిండి వస్తుంది, ఆ పిండితో రొట్టె కాలుస్తారు. తవ్వకాల్లో దొరికిన చెక్క ముక్కల్ని మ్యూజియంలో పెడితే అవి ముక్కలే. ఇక్కడ వాటి నకళ్ళు నీళ్ళలో తడిసి, ఉబ్బి, ఇరుక్కుని, ఎక్కడ అరుగుతాయో చెప్పేస్తాయి.

అయితే ఈ శ్రమంతా ఒక సరదా ప్రదర్శనేనా అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడ కాదు, పారిస్‌లో దొరికింది. 2019 ఏప్రిల్ 15న నోత్రదామ్ కప్పు కాలిపోయింది. రాతి కమానుల పైన చీకట్లో నిలబడ్డ ఆ ఓక్ దూలాల గుంపులో చాలా భాగం పదమూడో శతాబ్దం నాటిది. దాన్ని మళ్ళీ ఓక్‌తోనే, గొడ్డలితో చెక్కే కడదామని నిర్ణయించాక, పచ్చి ఓక్ మానుని గొడ్డలితో దూలం చెయ్యడం వచ్చినవాళ్ళు కావాల్సొచ్చారు. రంపపు మిల్లు మానుని తిన్నగా కోసేస్తుంది, పీచు ఎక్కడ వంకర తిరిగితే అక్కడ తెగిపోతుంది. గొడ్డలి పీచు వెంట నడుస్తుంది కనక దూలం సన్నగా ఉన్నా బరువు మోస్తుంది. ఆ విద్య గెడెలోన్‌లో వడ్రంగుల చేతుల్లో ఉంది. ఇక్కడి కోటలోని పెద్ద హాలు కప్పుకి వాళ్ళు చేసిన పని అదే. ఇక్కడ పనిచేసినవాళ్ళు, ఇక్కడ నేర్చుకున్నవాళ్ళు కొందరు పారిస్ వెళ్ళి ఆ కప్పు లేపడంలో చెయ్యి వేశారు. 2024 డిసెంబరులో నోత్రదామ్ తలుపులు తెరుచుకున్నాయి. అక్కడ గడువుంది, దేశాధ్యక్షుడే అయిదేళ్ళన్నాడు. అవే గొడ్డళ్ళు అంత వేగంగానూ పనిచేశాయి.

ఎండ వాలుతుండగా బయటపడే దారిలో మేనల్లుడు ఆగి ఒక బోర్డు చదివాడు. ఏటా కొంతమందిని కొద్ది రోజుల పాటు పనిలో చేర్చుకుంటారు. పద్దెనిమిదేళ్ళు నిండాలి, ఫ్రెంచి అర్థం కావాలి, చాలా ముందుగా పేరు రాయించుకోవాలి. సున్నం కలపమంటారో రాళ్ళు మొయ్యమంటారో అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది. వాడు బోర్డుని ఫోటో తీసుకున్నాడు. “సెలవు మళ్ళీ పెట్టాలి, మా మేనేజరుకి ఏం చెప్పను?” అన్నాడు. నిజమే చెప్పమన్నాను. వంతెనలు కట్టే ఇంజనీరు సున్నం పిసకడానికి వెళ్తున్నాడని చెబితే నమ్మరన్నాడు. నాకు ఫ్రెంచి రాదు కాబట్టి నా పేరు రాయించే బెడద లేదు.